సెకండ్ హ్యాండ్ క్యాంపర్ వ్యాన్‌లో గీజర్ పనిచేయట్లేదా? అరకు చలిలో ఏం చెక్ చేయాలి, దేన్ని ముట్టుకోకూడదు

చలికాలం మొదలైతే చాలు, విశాఖ నుంచి శృంగవరపుకోట మీదుగా అనంతగిరి ఘాట్ ఎక్కే బండ్ల మధ్య క్యాంపర్ వ్యాన్లు కూడా కనిపిస్తున్నాయి. కొత్తది తయారు చేయించుకోవాలంటే బడ్జెట్ ఎక్కడికో వెళ్లిపోతుంది. అందుకే ఎవరో ఫోర్స్ ట్రావెలర్‌నో టాటా వింగర్‌నో క్యాంపర్‌గా మార్పించుకుని, రెండు మూడేళ్లు వాడి అమ్మేస్తుంటే, దాన్ని తీసుకోవడం మంచి డీల్‌లానే అనిపిస్తుంది. బెడ్, సోలార్ ప్యానెల్, ఇన్వర్టర్, మినీ ఫ్రిజ్ అన్నీ బాగానే ఉంటాయి. తీరా అరకులో పొద్దున్నే లేచి ట్యాప్ తిప్పితే చన్నీళ్లు.

వెంటనే "హీటర్ పోయింది" అని డిసైడ్ అయిపోతాం. ఆన్‌లైన్‌లో కొత్తదాని రేటు చూస్తాం. ఒక్క నిమిషం ఆగండి. క్యాంపర్‌లోని హీటర్ నాలుగింటి మీద ఆధారపడి పనిచేస్తుంది: నీళ్లు, గ్యాస్, కరెంట్, గాలి. కొండ ఎక్కగానే ఈ నాలుగూ మారిపోతాయి. విశాఖ బీచ్ రోడ్డులో చక్కగా పనిచేసిన అదే హీటర్ అరకులో మొరాయించడానికి చాలాసార్లు కారణం ఇదే. మొదటి మూడింటిని మీరే చెక్ చేసుకోవచ్చు, ఖర్చు కూడా పెద్దగా ఉండదు. నాలుగోదైన గాలి విషయంలో మాత్రం ప్రయోగాలు చేయకూడదు. ఎందుకో కాస్త వివరంగానే చెప్తాను, ఎందుకంటే అది ప్రాణాలకు సంబంధించిన విషయం.

ముందు మీ దగ్గరున్నది ఏ టైపో చూడండి

మన దగ్గర మార్పించిన వ్యాన్లలో ఎక్కువగా కనిపించేవి రెండు. ఒకటి, ఇంట్లో వాడే చిన్న ఎలక్ట్రిక్ స్టోరేజ్ గీజర్. రెండోది, గోడకు తగిలించే గ్యాస్ ఇన్‌స్టంట్ గీజర్. దీనికి కింద రెండు లావుపాటి టార్చిలైట్ సెల్స్ ఉంటాయి. ట్రూమా లాంటి క్యాంపర్ల కోసమే తయారైన బాయిలర్ ఉన్న బండి దొరికితే అదృష్టమే, కానీ అది అరుదు.

అమెరికాలో ఉండి పాత ఆర్వీ కొనే ఆలోచనలో ఉన్న మన పాఠకుల కోసం ఒక చిన్న మాట. అక్కడ సబర్బన్ కంపెనీ ట్యాంకుల్లో ఆనోడ్ రాడ్ ఉంటుంది. ట్యాంకు తుప్పు పట్టకుండా అది అరిగిపోతూ ఉంటుంది, కాబట్టి టైముకి మార్చాలి. ఆట్‌వుడ్ ట్యాంకు అల్యూమినియంది, దానికి రాడ్ అక్కర్లేదు. వేడినీళ్లలో కుళ్లిన గుడ్డు వాసన వస్తే చాలావరకు ట్యాంకులో నిల్వ ఉన్న నీళ్లలోని బ్యాక్టీరియా పని, ట్యాంకు కడిగితే పోతుంది. అయితే గ్యాస్‌కి కలిపే వాసన కూడా దాదాపు అలాగే ఉంటుంది. వాసన ట్యాప్ దగ్గరే వస్తోందా, బండి అంతా వస్తోందా అన్నది ముందు తేల్చుకోండి.

హీటర్ బాగానే ఉంది, నీళ్లే బాగా చల్లగా ఉన్నాయి

అరకు ఎత్తు సముద్ర మట్టానికి సుమారు 900 మీటర్లు. చింతపల్లి, లంబసింగి, పాడేరు దగ్గరి మినుములూరు వైపు వెళ్తే ఇంకా చలి. కనిష్ఠ ఉష్ణోగ్రత 5 డిగ్రీల కిందికి పడిపోయిందన్న వార్త దాదాపు ప్రతి చలికాలం చూస్తూనే ఉంటాం. వ్యాన్ కింద ట్యాంకులో రాత్రంతా ఉన్న నీళ్లు కూడా అంతే చల్లగా అయిపోతాయి.

ఇప్పుడు చిన్న లెక్క వేద్దాం. నిమిషానికి 6 లీటర్ల గ్యాస్ గీజర్ అంటే, ఆ వేగంతో పారే నీళ్లను సుమారు 25 డిగ్రీలు పెంచగలదని అర్థం. విశాఖలో ట్యాంకు నీళ్లు 27 డిగ్రీలు ఉంటే బయటికొచ్చేవి 52 డిగ్రీలు. మంట పుట్టేంత వేడి. అరకులో తెల్లవారుజామున ట్యాంకు నీళ్లు 12 డిగ్రీలు అనుకుందాం. అదే గీజర్, అదే మంట, అవే 25 డిగ్రీలు కలిపితే 37. అది మన ఒంటి వేడి అంతే. చల్లగాలిలో నిలబడి పోసుకుంటే గోరువెచ్చగా కూడా అనిపించదు.

అంటే రిపేర్ ఏమీ అక్కర్లేదు. నీళ్ల వేగం తగ్గించండి, అంతే. నిమిషానికి 4 లీటర్లకు తగ్గిస్తే పెరుగుదల 37 డిగ్రీల దాకా వెళ్తుంది. బకెట్ కింద పెట్టి ఫోన్‌లో స్టాప్‌వాచ్ ఆన్ చేస్తే మీ ట్యాప్ నిమిషానికి ఎన్ని లీటర్లు ఇస్తోందో తెలిసిపోతుంది. వంటగదిలో వాడే ఒక డిజిటల్ థర్మామీటర్ వ్యాన్‌లో ఉంచుకోండి. లోపలికి వెళ్లే నీళ్లు ఎన్ని డిగ్రీలు, బయటికి వచ్చేవి ఎన్ని డిగ్రీలు అన్న రెండు నంబర్లు మీ దగ్గరుంటే సగం గొడవ అక్కడే తేలిపోతుంది. తేడా 20 డిగ్రీల పైనే ఉంటే గీజర్ తన పని తాను చేస్తున్నట్టే.

నీళ్ల వైపు: క్లిక్ కూడా వినపడట్లేదంటే

గ్యాస్ గీజర్‌లో మంట వెలిగించమని చెప్పేది నీళ్లే. నీళ్లు పారగానే లోపల రబ్బరు డయాఫ్రమ్ కదులుతుంది, అది ఒక చిన్న స్విచ్‌ని నొక్కుతుంది, అప్పుడు స్పార్క్ మొదలై గ్యాస్ వాల్వ్ తెరుచుకుంటుంది. పారే వేగం సరిపోకపోతే ఆ స్విచ్ నొక్కుకోదు. మామూలుగా నిమిషానికి రెండున్నర లీటర్లైనా కావాలి, కచ్చితమైన నంబర్ మీ గీజర్ స్టిక్కర్ మీద ఉంటుంది.

వ్యాన్లలో ఇక్కడే తేడా కొడుతుంది. డబ్బు మిగుల్చుకోవడానికి కొందరు ఆర్‌ఓ ప్యూరిఫయర్‌లో ఉండే బూస్టర్ పంపు పెట్టేస్తారు. అది నిమిషానికి లీటరు, లీటరున్నర ఇస్తే గొప్ప. సింక్‌లో గ్లాసు కడగడానికి చాలు, గీజర్‌ని లేపడానికి చాలదు. అసలు క్యాంపర్ పంపు అయినా ఆగి ఆగి కొడుతుంటే గీజర్ కూడా వెలిగి, ఆరి, మళ్లీ వెలుగుతుంది. మీకేమో వేడి, చలి, వేడి, చలి. దీనికి పంపు తర్వాత ఒక చిన్న అక్యుములేటర్ ట్యాంకు పెడితే ప్రెజర్ నిలకడగా ఉంటుంది. గీజర్‌ని విప్పాల్సిన పనే లేదు.

పంపు బాగుంటే గీజర్‌లోకి నీళ్లు వెళ్లే చోట ఉండే సన్నని జాలీ చూడండి. దారిలో ఏ ఊట దగ్గరో, ఏ కుళాయి దగ్గరో ట్యాంకు నింపుకుంటాం కదా. ఇసుక, నాచు, ఆకుల ముక్కలు అన్నీ వచ్చి అక్కడే ఆగుతాయి. పంపు ఆపి, ప్రెజర్ వదిలేసి, నట్ విప్పి, పాత టూత్‌బ్రష్‌తో కడిగితే సరి. జాలీ శుభ్రంగా ఉండి, నీళ్లు ధారగా వస్తూ, అయినా క్లిక్ శబ్దం అసలు లేదంటే డయాఫ్రమ్ గట్టిపడి ఉండొచ్చు లేదా చిరిగి ఉండొచ్చు. ఏళ్ల తరబడి వాడకుండా ఉంచిన బండ్లలో ఇది మామూలే. రబ్బరు ముక్క ఖరీదు తక్కువ, కానీ మార్చేటప్పుడు గ్యాస్ వాల్వ్ భాగాన్ని కూడా విప్పాల్సి రావొచ్చు కాబట్టి మెకానిక్‌కి వదిలేయడం మేలు.

ఇక స్టోరేజ్ ట్యాంకు ఉన్న క్యాంపర్లలో ఒక తమాషా ఉంది. హీటర్ వెనక బైపాస్ వాల్వ్ ఉంటుంది. ట్యాంకును ఖాళీగా ఉంచాలనుకున్నప్పుడు నీళ్లు దాన్ని తప్పించుకుని పోవడానికి. పాత ఓనర్ దాన్ని తిప్పి వదిలేసి అమ్మేశాడనుకోండి, ట్యాంకులో నీళ్లు మరుగుతుంటాయి, ట్యాప్‌లో మాత్రం చన్నీళ్లు. సగం తిప్పి ఉంటే రెండూ కలిసి వస్తాయి. చన్నీళ్లకు వేణ్నీళ్లు తోడు అంటారే, ఇక్కడ అదే సమస్య. బండి వెనక బయటి షవర్ ఉంటే దాని రెండు ట్యాపులూ కట్టి ఉన్నాయో లేదో కూడా చూడండి. హ్యాండ్ షవర్ మూసి, ట్యాపులు తెరిచి వదిలేస్తే అక్కడ కూడా చన్నీళ్లు దొంగదారిన వేడి పైపులోకి వస్తాయి.

ట్రూమా బాయిలర్ ఉన్నవాళ్లకు ఇంకోటి. రాత్రి బండి కింద నీళ్లన్నీ కారిపోయి ట్యాంకు ఖాళీ అయితే లీకేజీ అని కంగారు పడకండి. అందులోని ఫ్రాస్ట్‌కంట్రోల్ వాల్వ్ సుమారు 3 డిగ్రీల కింద తనంతట తానే తెరుచుకుని ట్యాంకును ఖాళీ చేస్తుంది, నీళ్లు గడ్డకట్టి ట్యాంకు పగలకుండా. లంబసింగి చలికి అది తెరుచుకునే అవకాశం బాగానే ఉంది. మళ్లీ మూయాలంటే ఆ వాల్వ్ దగ్గర ఉష్ణోగ్రత దాదాపు 7 డిగ్రీలు దాటాలి. అంతవరకు ఎంత నొక్కినా నిలవదు. బండి లోపల కాస్త వెచ్చబడ్డాక నొక్కండి.

గ్యాస్ వైపు: మొదట బాగా వెలిగి, తర్వాత నీరసపడుతుంటే

స్పార్క్ టక టక మంటోంది, మంట రావట్లేదు. ముందు సెల్స్ మార్చండి. స్పార్క్ నెమ్మదిగా, గ్యాప్ ఇచ్చి వస్తుంటే సెల్స్ అయిపోతున్నట్టే. చలికి మామూలు సెల్స్ ఇంకా నీరసపడతాయి, ఆల్కలైన్ సెల్స్ వాడండి. ఇంత చిన్న కారణానికి గీజర్ మొత్తం మార్చేసే అవకాశం ఉంది కాబట్టే దీన్ని ముందు చెప్తున్నాను. సిలిండర్ కొత్తగా తగిలిస్తే పైపులో గాలి ఉంటుంది, రెండు మూడు సార్లు ట్రై చేయాల్సి వస్తుంది.

సెల్స్ కొత్తవే అయినా సమస్య ఉంటే ఎల్పీజీ సంగతి తెలుసుకోవాలి. మన సిలిండర్‌లో ఉండేది ప్రొపేన్, బ్యూటేన్ కలిసిన ద్రవం. ప్రొపేన్ మైనస్ 42 డిగ్రీల దగ్గరే మరుగుతుంది, బ్యూటేన్ దాదాపు సున్నా దగ్గర. అంటే 5 డిగ్రీల చలిలో బ్యూటేన్ ఆవిరయ్యేది చాలా నెమ్మదిగా. పైగా ద్రవం ఆవిరవుతున్న కొద్దీ సిలిండర్ ఇంకా చల్లబడుతుంది. ఒంటికి పట్టిన చెమట ఆరినప్పుడు చల్లగా అనిపిస్తుందే, అలాగే. గీజర్ గంటకు 900 గ్రాముల లెక్కన గ్యాస్ లాగుతుంది. చిన్న 5 కిలోల సిలిండర్ ఆ చలిలో ఆ స్పీడును ఎక్కువసేపు తట్టుకోలేదు. అందుకే మొదటి బకెట్ బాగా కాగుతుంది, రెండో బకెట్‌కి మంట చిన్నబోతుంది, సిలిండర్ మీద నీటి చుక్కలు పడతాయి. సిలిండర్ సగానికి వచ్చాక ఇంకా ఎక్కువ, ఎందుకంటే ముందు ప్రొపేన్ వెళ్లిపోయి బ్యూటేన్ ఎక్కువ మిగిలి ఉంటుంది.

"స్టవ్ బాగానే వెలుగుతోంది కదా, గ్యాస్ ఉంది" అనుకోవద్దు. స్టవ్ బర్నర్ లాగే గ్యాస్ గీజర్ లాగేదాంట్లో ఆరో వంతో, ఎనిమిదో వంతో ఉంటుంది. స్టవ్ వెలిగినంత మాత్రాన గీజర్‌కి సరిపోతుందని గ్యారంటీ లేదు.

ఏం చేయాలి? తొందరేం లేకపోతే ఎండ పడేదాకా ఆగండి, పొగమంచు విడిపోయాక అదే సిలిండర్ మామూలుగా పనిచేస్తుంది. లేదంటే ఒక బకెట్ అయ్యాక పది నిమిషాలు గ్యాప్ ఇవ్వండి. సిలిండర్‌ని మంట దగ్గర పెట్టడం, రూమ్ హీటర్ ముందు పెట్టడం, కింద నిప్పులు పోయడం అస్సలు చేయొద్దు. మంట పెద్దగా రావాలని హోటల్ బర్నర్లకు వాడే హై ప్రెజర్ రెగ్యులేటర్ తగిలించడం కూడా అంతే ప్రమాదం. ఇంటి గ్యాస్ గీజర్లు దాదాపు 30 మిల్లీబార్ ప్రెజర్‌కి డిజైన్ చేసినవి, ఇంటి రెగ్యులేటర్ ఇచ్చేదీ అంతే.

ఘాట్ రోడ్డు మలుపులు, గుంతలు తిరిగి తిరిగి పైపుల జాయింట్లు లూజవుతాయి. పైకి చేరగానే సబ్బు నీళ్లు రాసి బుడగలు వస్తున్నాయేమో చూడటం అలవాటు చేసుకోండి. రబ్బరు పైపు మీద ముద్రించిన తేదీ చూడండి, ఐదేళ్లు దాటితే మార్చేయాలి. పాత బండిలో ఆ పైపు బండి మార్పించిన రోజుదే అయి ఉండొచ్చు. గ్యాస్ లీకైతే ఫిర్యాదుకు 1906 నంబర్ ఉంది. అయితే ఘాట్‌లో సిగ్నల్ అన్ని చోట్లా ఉండదు. మీ హీటర్ మాన్యువల్ పీడీఎఫ్‌ని కిందే డౌన్‌లోడ్ చేసి ఫోన్‌లో ఉంచుకోండి.

కరెంట్ వైపు: ఇన్వర్టర్ మీద గీజర్ ఎందుకు నడవదు

గాడ్జెట్ ప్రియులకు నచ్చే లెక్క ఇది. 15 లీటర్ల బకెట్ నీళ్లను 12 డిగ్రీల నుంచి 40 డిగ్రీలకు తేవడానికి సుమారు 490 వాట్ అవర్స్ కావాలి. మీ 5000 ఎంఏహెచ్ ఫోన్ బ్యాటరీలో ఉండేది 19 వాట్ అవర్స్. అంటే ఒక్క బకెట్ వేడినీళ్లు పాతిక ఫోన్ల ఫుల్ చార్జింగ్‌తో సమానం.

వ్యాన్‌లోని 12 వోల్టుల, 100 ఏహెచ్ లెడ్ యాసిడ్ బ్యాటరీలో ఉండేది 1200 వాట్ అవర్స్. బ్యాటరీ పాడవకుండా సగమే వాడుకోవాలి. ఇన్వర్టర్‌లో పోయేది పోగా ఒక్క బకెట్‌తో మీ వాటా అయిపోయింది. పైగా 2000 వాట్ల గీజర్‌కి 12 వోల్టుల వైపు నుంచి 170 ఆంపియర్ల పైనే లాగాలి. సన్నని కేబుల్ వేసి ఉంటే వోల్టేజ్ పడిపోయి ఇన్వర్టర్ బీప్ కొట్టి ఆగిపోతుంది. మీరు "గీజర్ ట్రిప్ కొడుతోంది" అంటారు. పాపం గీజర్ తప్పేం లేదు. అదే పని గ్యాస్‌తో అయితే 50 గ్రాముల లోపే. 5 కిలోల సిలిండర్‌తో దాదాపు వంద బకెట్లు. వేడినీళ్ల విషయంలో లిథియం బ్యాటరీ మోజు పక్కన పెట్టమని నేను చెప్పేది అందుకే.

హోమ్‌స్టే వాళ్ల ప్లగ్ నుంచి ఎక్స్‌టెన్షన్ లాగి వాడుతుంటే వోల్టేజ్ కొలవండి. 230 బదులు 180 వోల్టులే వస్తుంటే 2000 వాట్ల ఎలిమెంట్ ఇచ్చేది 1225 వాట్లే, ఎందుకంటే పవర్ వోల్టేజ్ వర్గాన్ని బట్టి పడిపోతుంది. పావుగంటలో కాగాల్సిన బకెట్ నీళ్లకు 24 నిమిషాలు పడుతుంది. అదీ రిపేర్ కాదు, ఓపిక.

కరెంట్ సరిగ్గానే ఉండి నీళ్లు అసలు వేడెక్కకపోతే ప్లగ్ పూర్తిగా తీసేసి, ఎలిమెంట్ వైర్లు విడదీసి, మల్టీమీటర్‌తో రెసిస్టెన్స్ చూడండి. 2000 వాట్ల ఎలిమెంట్ అయితే 26 ఓమ్స్ దగ్గర, 1500 వాట్లదైతే 35 దగ్గర చూపించాలి. ఏమీ చూపించకపోతే ఎలిమెంట్ తెగిపోయింది. ట్యాంకులో నీళ్లు లేకుండా స్విచ్ వేస్తే ఇలా కాలిపోతుంది. సెకండ్ హ్యాండ్ బండి డెలివరీ తీసుకున్న రోజే ఇది జరిగే అవకాశం ఎక్కువ, ఖాళీ ట్యాంకుతో వచ్చిన బండిలో అన్ని స్విచ్‌లూ నొక్కి చూస్తాం కాబట్టి. ముందు నీళ్లు నింపి, వేడినీళ్ల ట్యాప్‌లోంచి గాలి లేకుండా ధార వచ్చాకే హీటర్ ఆన్ చేయండి. ఎలిమెంట్ బాగుంటే థర్మోస్టాట్ పక్కన ఉండే చిన్న రీసెట్ బటన్ నొక్కి చూడండి. ఒకసారి నొక్కితే పనిచేసి, మళ్లీ మళ్లీ పడిపోతుంటే థర్మోస్టాట్ మార్చాల్సిందే.

ట్యాప్ ముట్టుకుంటే జివ్వుమంటోందా? అక్కడితో ఆపేయండి. బండి బాడీ అంతా ఇనుము, కింద తడి నేల. ఇన్వర్టర్ మీద నడిచేటప్పుడు ఎర్తింగ్ సరిగ్గా చేయకపోతే ఆర్‌సీసీబీ ఉన్నా ట్రిప్ కాకపోవచ్చు. దీన్ని ఎలక్ట్రీషియన్ చూడాల్సిందే.

గాలి: ఇక్కడ జుగాడ్ వద్దు

ఒక కిలో ఎల్పీజీ పూర్తిగా మండాలంటే సుమారు 13 ఘనపు మీటర్ల గాలి కావాలి. గంటకు 900 గ్రాములు లాగే గీజర్ పది నిమిషాల్లో తినేసేది దాదాపు 2 ఘనపు మీటర్లు. క్యాంపర్ వ్యాన్‌లోని టాయిలెట్ గది మొత్తం గాలి కూడా సుమారు అంతే. అంటే తలుపు వేసుకుని ఒకరు స్నానం చేసే టైములో ఆ గదిలోని గాలి మొత్తానికి సరిపడా మంట మండుతుంది. నిజానికి ప్రమాదం అంతకంటే చాలా ముందే మొదలవుతుంది. ఆక్సిజన్ మామూలు 21 శాతం నుంచి కాస్త తగ్గగానే మంట సరిగ్గా మండదు, కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. అరకు ఎత్తులో గాలి ఒత్తిడే దాదాపు 10 శాతం తక్కువ, అంటే ప్రతి లీటరు గాలిలో ఆక్సిజన్ కూడా ఆ మేరకు తక్కువ. దానికి తోడు చలి కదా, కిటికీలు, వెంట్‌లు అన్నీ బిగించేస్తాం.

కార్బన్ మోనాక్సైడ్‌కి రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హీమోగ్లోబిన్‌ని ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా బలంగా పట్టుకుంటుంది. మన దేశంలో బాత్‌రూముల్లో గ్యాస్ గీజర్ల వల్ల స్పృహ తప్పినవాళ్లు, ఫిట్స్ వచ్చినవాళ్లు, చనిపోయినవాళ్లు ఇంతమంది ఉన్నారు కాబట్టే న్యూరాలజీ డాక్టర్లు దీనికి "గ్యాస్ గీజర్ సిండ్రోమ్" అని ప్రత్యేకంగా పేరు పెట్టుకున్నారు. అవి ఇళ్లలోని బాత్‌రూములు. వ్యాన్ టాయిలెట్ వాటికంటే చిన్నది, బయటపడ్డ గ్యాస్ నేరుగా మీరు పడుకునే చోటికే వస్తుంది.

అరకు దారిలో ఇంకో ఇబ్బంది ఉంది. తలనొప్పి, కళ్లు తిరగడం, వాంతి వచ్చినట్టుండటం దీని మొదటి లక్షణాలు. ఘాట్ రోడ్డు ఎక్కి వచ్చినవాళ్లు వాటిని మలుపుల ప్రభావం అనుకుంటారు, చలి అనుకుంటారు, పడుకుంటే తగ్గుతుందంటారు. బండి ఆగి గంటలు గడిచాక, లోపలున్న ఇద్దరు ముగ్గురికి ఒకేసారి తలనొప్పి వస్తే మాత్రలు వెతకొద్దు. అందరూ బయటికి రండి, తలుపులన్నీ తెరవండి, గ్యాస్ కట్టేయండి, 108కి ఫోన్ చేయండి. బయటికొచ్చాక తేలిగ్గా అనిపించినా ఆసుపత్రికి వెళ్లాలి. మామూలు గాలిలో ఈ విషం రక్తంలో సగానికి తగ్గడానికే నాలుగైదు గంటలు పడుతుంది, మాస్క్‌తో ఆక్సిజన్ పెడితే గంటన్నర లోపే.

ఇప్పుడు రిపేర్ విషయానికి వద్దాం. గీజర్ వెలిగి కొన్ని నిమిషాల్లో దానంతట అదే ఆరిపోతుంటే, "సెన్సార్ ప్రాబ్లమ్, రెండు వైర్లు కలిపేస్తే సరిపోతుంది" అని చెప్పేవాళ్లు దొరుకుతారు. వెంటనే పనిచేస్తుంది కూడా. కానీ ఆ సెన్సార్ ఎందుకు ఆపిందో ఆలోచించండి. అతిగా వేడెక్కడమో, పొగ బయటికి పోకపోవడమో, మంట సరిగ్గా మండకపోవడమో జరిగి ఉంటుంది. అది చేసేది మిమ్మల్ని కాపాడే పని. మీరు కొన్న బండిలో పాత ఓనర్ ఇప్పటికే ఈ పని చేసి ఉండొచ్చు. కవర్ తీసి చూడండి, సెన్సార్‌కి వెళ్లాల్సిన రెండు వైర్లు ఇన్సులేషన్ టేప్‌తో ఒకదానికొకటి చుట్టి ఉంటే ఆ గీజర్‌ని ఇక వెలిగించొద్దు.

మంట రంగు కూడా చాలా చెప్తుంది. నీలంగా, గట్టిగా ఉండాలి. పసుపు రంగులో ఊగుతూ ఉంటే, పైన మసి పట్టి ఉంటే, వెలిగేటప్పుడు "భగ్" మని శబ్దం వస్తుంటే గాలి సరిగ్గా అందట్లేదు. నెలల తరబడి షెడ్డులో పెట్టిన బండిలో సాలీళ్లు, కందిరీగలు బర్నర్ ట్యూబులో గూళ్లు కట్టేస్తాయి, గాలి వెళ్లే దారి మూసుకుపోతుంది. దీన్ని గ్యాస్ గీజర్ మెకానిక్ బ్రష్‌తో శుభ్రం చేస్తే సరిపోతుంది. మంట పెద్దది కావాలని జెట్ రంధ్రాన్ని పిన్నుతో పెద్దది చేయడం మాత్రం ఎవరినీ చేయనివ్వొద్దు.

పొగ గొట్టం లేని మామూలు గ్యాస్ గీజర్ మీ వ్యాన్ లోపల, అదీ టాయిలెట్‌లో బిగించి ఉంటే అది రిపేర్ చేయాల్సిన వస్తువు కాదు, బయటికి మార్చాల్సిన వస్తువు. బండి వెనకో పక్కనో బయటికి మాత్రమే తెరుచుకునే క్యాబినెట్‌లో పెట్టి, పైపు ద్వారా వేడినీళ్లు లోపలికి తెచ్చుకోవచ్చు. లోపలే ఉండాలంటే గాలిని బయటి నుంచే తీసుకుని పొగను బయటికే వదిలే సీల్డ్ టైపు కొనాలి. ఖరీదు ఎక్కువే. ఈ రెండూ కుదరకపోతే అరకులో ఏ హోమ్‌స్టే వాళ్లనడిగినా కట్టెల పొయ్యి మీద కాచిన నీళ్లు ఒక బకెట్ ఇస్తారు. నిజం చెప్పాలంటే ఆ నీళ్ల సుఖం ఏ గీజర్‌కీ రాదు. అన్నట్టు, క్యాంప్‌ఫైర్ నిప్పులు గిన్నెలో పోసుకుని వెచ్చగా ఉంటుందని వ్యాన్‌లోకో టెంట్‌లోకో తెచ్చుకోవడం కూడా ఇదే విషం.

గాడ్జెట్ కొనాలనుకుంటే ముందు కార్బన్ మోనాక్సైడ్ అలారం కొనండి. ఫోన్ యాప్ ఏదీ దీన్ని పట్టలేదు, ఫోన్లలో ఆ సెన్సార్ ఉండదు. ఇంట్లో పెట్టుకునే ఎయిర్ క్వాలిటీ మానిటర్ చూపించే సీఓటూ వేరు, ఇది వేరు. ఇళ్లకు ఈఎన్ 50291-1, క్యాంపర్లకు, పడవలకు ఈఎన్ 50291-2 అనే స్టాండర్డ్ ఉన్నాయి. రెండోది కదలికలను, కుదుపులను తట్టుకునేలా టెస్ట్ చేసినది. ఈ స్టాండర్డ్ ప్రకారం 300 పీపీఎం ఉంటే 3 నిమిషాల్లోపు, 100 పీపీఎం ఉంటే 10 నుంచి 40 నిమిషాల్లోపు అలారం మోగాలి. పడుకునే చోట తల ఎత్తులో పెట్టండి. ఎల్పీజీ గాలి కంటే బరువైనది కాబట్టి గ్యాస్ లీక్ డిటెక్టర్ మాత్రం నేలకు దగ్గరగా ఉండాలి. రెండింటినీ ఒకే చోట పెట్టి చేతులు దులుపుకుంటే ఒకటి దండగ.

ఇంకా బండి కొనలేదా?

అయితే మీ పని ఇంకా సులువు. అమ్మేవాళ్ల దగ్గరికి పొద్దున్నే, ముందుగా ఆన్ చేసి ఉంచొద్దని చెప్పి వెళ్లండి. వెళ్లగానే ట్యాంకు మీద చెయ్యి పెట్టి చూడండి, వెచ్చగా ఉంటే ఎవరో ముందే కాచి పెట్టారు. మీ కళ్ల ముందే చల్లగా స్టార్ట్ చేయించి, కనీసం పది నిమిషాలు ఆపకుండా నడిపించండి. థర్మామీటర్‌తో రెండు నంబర్లు రాసుకోండి. పంపు ఆగి ఆగి కొడుతోందా, మంట రంగు మారుతోందా అని ఫోన్‌లో వీడియో తీయండి. ఎర్రర్ లైట్ మెరుస్తుంటే ఎన్నిసార్లు మెరుస్తోందో స్లో మోషన్‌లో సులువుగా లెక్కపెట్టొచ్చు, చాలా మోడళ్లలో ఆ లెక్కకు మాన్యువల్‌లో అర్థం ఉంటుంది. పొగ బయటికి పోయే జాలీ చుట్టూ మసి, బాడీ పెయింట్ కమిలిన మచ్చ ఉన్నాయేమో చూడండి.

సెల్స్, జాలీ, పైపు, బైపాస్ వాల్వ్ లాంటివైతే బేరం ఆపక్కర్లేదు, చిన్న ఖర్చులే. డయాఫ్రమ్, ఎలిమెంట్, థర్మోస్టాట్ అయితే ఆ మేరకు రేటు తగ్గించమని అడగండి. టాయిలెట్ లోపల పొగ గొట్టం లేని గ్యాస్ గీజర్ ఉంటే దాని విలువ సున్నా అని లెక్కేసుకుని, బయటికి మార్పించే ఖర్చు కూడా బండి రేటులోంచి తీసేసి మాట్లాడండి. సెన్సార్ వైర్లు కలిపేసి ఉంటే వాళ్లనే కారణం అడగండి. జవాబు ఏదైనా, ఆ బండిలోని మిగతా వైరింగ్‌ని కూడా ఒకసారి ఎలక్ట్రీషియన్‌కి చూపించాకే అడ్వాన్స్ ఇవ్వండి.